మీటరు వద్ద గీచిన గీత

వీధి స్తంభం నుండి మన ఇంటి గోడ వరకు వచ్చే తీగలోనూ, మీటరు దాటి గదులలోకి పోయే తీగలోనూ ఉండే విద్యుత్తు ఒక్కటే. ఇది వీధి, ఇది వసారా, ఇది వంటిల్లు అనే భేదం విద్యుచ్ఛక్తికి తెలియదు. అయినా, వీధి వైపు తీగ తెగితే బాగుచేయవలసినది సరఫరా సంస్థ. ఇంటి వైపు తీగ తెగితే బాగుచేయించుకోవలసినవాడు గృహస్థుడు. తీగలో ఎక్కడా కనిపించని ఈ సరిహద్దును ఎవరు గీచారు? ఎప్పుడు గీచారు? సరిగా మీటరు దగ్గరనే ఎందుకు గీచారు?

ఇది వకీళ్ళకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అనుకోరాదు. మీటరు బోర్డు వద్ద ఒక జాయింటు కాలి వాసన వస్తున్నప్పుడు ఇంటివారు "అది కరెంటువాళ్ళ పని" అని ఊరుకుంటారు. కరెంటువాళ్ళు "అది మీ వైరింగు దోషం" అని వెళ్ళిపోతారు. ఆ రెండు మాటల మధ్య జాయింటు కాలుతూనే ఉంటుంది. సరిహద్దు ఎక్కడ ఉన్నదో తెలియకపోవడం ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. కనుక దాని చరిత్రను తెలుసుకోవడం విజ్ఞానశాస్త్రం చదివేవారికి కూడా అవసరమే.

గ్యాసు దీపాల వారసత్వం

విద్యుద్దీపానికి ముందు పాశ్చాత్య నగరాలలో గ్యాసు దీపం ఉండేది. వీధి క్రింద గొట్టాలు వేసి, వాటి నుండి పిల్ల గొట్టాల ద్వారా ఇండ్లకు గ్యాసు పంపేవారు. తొలి రోజులలో ఇంటిలో ఎన్ని దీపాలు ఉన్నవి, రోజుకు ఎన్ని గంటలు వెలిగించుకుంటారు అనే లెక్క మీద డబ్బు వసూలు చేసేవారు. ఒప్పుకున్న గంటలు దాటిన తరువాత కూడా దీపాన్ని వెలిగించుకునేవారికి కొరత ఉండదు గదా! 1815 ప్రాంతంలో శామ్యూల్ క్లెగ్ అనే ఆంగ్ల ఇంజనీరు గ్యాసు మీటరును కనిపెట్టినాడు. అప్పటి నుండి గ్యాసు లెక్క మనుష్యుల మాట మీద గాక యంత్రం మీద ఆధారపడినది.

దీనితోపాటు మరొక మార్పు వచ్చినది. సరకు కొలిచి ఇచ్చేవరకు అది అంగడివానిది. కొలిచిన తరువాత కొన్నవానిది. బియ్యం కొలిచే కుంచానికి ఏ న్యాయమో గ్యాసు మీటరుకూ అదే న్యాయం. మీటరుకు ముందు గొట్టం కారితే నష్టం కంపెనీది. తరువాత కారితే నష్టం ఇంటివానిది. ఈ విధంగా కొలత జరిగే స్థానమే బాధ్యత మారే స్థానమైనది. విద్యుత్తు వచ్చిన తరువాత చట్టాలు వ్రాసినవారు ఈ పాత న్యాయాన్నే చాలావరకు గ్రహించినారు.

బ్రిటిషు పార్లమెంటు 1882లో చేసిన విద్యుద్దీప చట్టంలో ఒక చిత్రమైన విషయం ఉన్నది. అద్దె బకాయిపడిన ఇంటిలో సామాను జప్తు చేసే హక్కు ఇంటి యజమానికి ఉండేది. కాని ఆ ఇంటిలో ఉన్న సరఫరా సంస్థ తీగలను, మీటరును జప్తు చేయరాదని ఆ చట్టం శాసించినది. ఇతరుని గోడమీద ఉన్నంత మాత్రాన ఆ వస్తువు ఇతరునిది కాదని దీని భావం. మన దేశంలో 1910లో వచ్చిన చట్టంలోనూ ఇటువంటి రక్షణ కల్పించినారు.

తూచి చూసిన విద్యుత్తు

1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరంలోని పెర్ల్ వీధి కేంద్రం నుండి థామస్ ఎడిసన్ విద్యుత్ సరఫరా ప్రారంభించినాడు. అమ్మకం మొదలైనది గాని కొలవడం ఎట్లా? విద్యుత్తుకు రంగు లేదు, బరువు లేదు. ఎడిసన్ ఫారడే సూత్రాన్ని ఆశ్రయించినాడు. జింకు సల్ఫేటు ద్రావణంలో రెండు జింకు పలకలను ఉంచి ప్రవాహాన్ని పంపితే ఒక పలక నుండి జింకు కరిగి రెండవ పలక మీద పేరుకుంటుంది. పేరుకున్న జింకు బరువు ప్రవహించిన విద్యుత్తుకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక ఆంపియరు ప్రవాహం ఒక గంటసేపు సాగితే పేరుకునే జింకు సుమారు 1.22 గ్రాములు. ఇంటికి వచ్చే ప్రవాహమంతటినీ ద్రావణం గుండా పంపక, అందులో అత్యల్ప భాగాన్ని మాత్రమే పంపేవారు. కంపెనీ ఉద్యోగి నియమిత కాలానికి వచ్చి పలకలను తీసుకొనిపోయి, త్రాసులో తూచి బిల్లు వేసేవాడు. శీతకాలంలో ద్రావణం గడ్డకట్టకుండా పెట్టెలో ఒక దీపాన్ని అమర్చి, చలి హెచ్చినప్పుడు అది తనంత తాను వెలిగేటట్లు చేసినారు.

సూత్రం నిర్దుష్టమైనదే. కాని ఇందులో ఒక లోపం ఉన్నది. తాను ఎంత వాడుకున్నదీ ఇంటివానికి తెలియదు. త్రాసు కంపెనీది, తూచేవాడు కంపెనీవాడు. ధనవంతుడైన జె. పి. మోర్గాన్ తన కార్యాలయంలో ప్రతి దీపం ఎన్ని గంటలు వెలిగినదో చీటీల మీద వ్రాయించి బిల్లుతో పోల్చినాడనీ, మొదట లెక్క కుదరలేదనీ, రాత్రి ఊడ్చేవాడు వెలిగించిన దీపాలను కలిపిన తరువాత దాదాపు సరిపోయినదనీ ఎడిసన్ తరువాత చెప్పినాడు. కథలో మీటరే గెలిచినది. కాని అందరికీ చీటీలు వ్రాయించే స్తోమత ఉండదు. కొలత మీద విశ్వాసం కుదరాలంటే మీటరును ఇరుపక్షాలవారూ చదవగలగాలి.

తిరిగే పళ్ళెం

1888లో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు ఆలివర్ షాలెన్‌బర్గర్ ఏకాంతర విద్యుత్తుతో వెలిగే ఆర్కు దీపాన్ని పరిశీలిస్తున్నాడు. అందులోని ఒక చిన్న స్ప్రింగు ఊడిపడి, అయస్కాంత క్షేత్రంలో మెల్లగా తిరగసాగినది. దానిని విదిలించి పారవేయక, ఎందుకు తిరుగుతున్నదని ఆలోచించి, కొద్ది కాలంలోనే ఆయన ఒక మీటరును తయారుచేసినాడు. అది ప్రవాహాన్ని మాత్రమే లెక్కించేది. మరుసటి సంవత్సరం, 1889లో, బుడాపెస్టులోని గాంజ్ కంపెనీకి చెందిన ఓట్టో బ్లాతీ ప్రవాహాన్నీ వోల్టేజినీ కలిపి, అంటే వాడిన శక్తినే లెక్కించే ప్రేరణ మీటరును నిర్మించినాడు. తరువాత వంద సంవత్సరాలకు పైగా ఇండ్లలో కనిపించిన తిరుగుడు పళ్ళెపు మీటర్లు ఈ వంశానికి చెందినవే.

ఇందులో రెండు తీగచుట్టలు ఉంటవి. ఒకటి లావుపాటి తీగతో చేసిన ప్రవాహపు చుట్ట. ఇంటికి పోయే ప్రవాహమంతా దీని గుండానే పోవాలి. రెండవది సన్నని తీగతో చేసిన వోల్టేజి చుట్ట. ఇది ఫేజు, న్యూట్రలు తీగల నడుమ ఉంటుంది. రెండింటి అయస్కాంత క్షేత్రాలు అల్యూమినియం పళ్ళెంలో ప్రేరిత ప్రవాహాలను పుట్టించి దానిని త్రిప్పుతవి. ఒక శాశ్వత అయస్కాంతం బ్రేకు వలె ఆ పళ్ళెం వేగాన్ని అదుపులో ఉంచుతుంది. అందువలన వేగం వాడే శక్తికి అనుగుణంగా ఉంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన న్యాయం ఉన్నది. వోల్టేజి చుట్ట ఇంటిలో ఏ దీపమూ వెలగకపోయినా కొద్దిగా శక్తిని వాడుకుంటూ ఉంటుంది. ఆ ఖర్చు ఎవరిది? సాధారణంగా ఆ చుట్టను ప్రవాహపు చుట్టకు ముందు, అంటే సరఫరా వైపు కలుపుతారు. అందువలన కొలిచే యంత్రం తినే తిండి అమ్మేవాని ఖాతాలోనే పోతుంది. కుంచాన్ని మోసే కూలి కొన్నవాని మీద పడరాదు గదా! సరిహద్దు మీటరు పెట్టె వద్ద ఉన్నదని చెబుతాము గాని, అది పెట్టె లోపలి తీగల అమరికలో కూడా ఉన్నది.

నిప్పు నేర్పిన పాఠం

కొలత వలన ఆస్తి సరిహద్దు ఏర్పడినది. భద్రత సరిహద్దును ఏర్పరచినది నిప్పు. తొలి వైరింగులో తీగలకు నూలుపోగుల తొడుగు, చెక్క పట్టీలు తప్ప వేరే రక్షణ ఉండేది కాదు. తీగలు వేడెక్కి ఇండ్లు తగులబడితే ముందుగా నష్టపోయేవి భీమా కంపెనీలు. అందుచేత ఇంటి వైరింగు ఎట్లా ఉండాలో తొలుత శాసించినది ప్రభుత్వాల కంటె వారే. 1881-82 సంవత్సరాలలో న్యూయార్కులోని అగ్ని భీమా సంఘమూ, లండనులోని ఫీనిక్స్ భీమా కార్యాలయమూ నియమాలు ప్రకటించినవి. 1882లోనే లండనులోని తంతి, విద్యుత్ ఇంజనీర్ల సంఘం విద్యుద్దీపాల వలన అగ్నిప్రమాదాలు కలగకుండా నియమావళిని వెలువరించినది. నేటి బ్రిటిషు వైరింగు నియమాలకు అదే మూలం. అమెరికాలో జాతీయ విద్యుత్ నియమావళి 1897లో వచ్చినది.

ఈ నియమాలకు తలవంచవలసినవాడు గృహస్థుడు. భీమా ఒప్పందం అతనిది, గోడలు అతనివి, గోడలలోని తీగలూ అతనివే. అయితే సరఫరా సంస్థకు ఏ పూచీ లేదా? ఉన్నది. లోపభూయిష్టమైన వైరింగుకు విద్యుత్తును కలపరాదు. అనగా ఇంటి వైరింగును చేయించడం గృహస్థుని పని. దానిని పరీక్షించి, ప్రమాదం లేదని తోచినప్పుడే కలపడం సంస్థ పని.

ఈ రెండింటి నడుమ కంచె వలె నిలిచినది ఫ్యూజు. ఎడిసన్ 1880లోనే ఇటువంటి "రక్షక తీగ"కు పేటెంటు పొందినాడు. ప్రవాహం మితిమీరితే తాను కరిగి దారిని తెంచడం దాని పని. సంస్థ ఫ్యూజు వీధి తీగను ఇంటి దోషం నుండి కాపాడుతుంది. గృహస్థుని ఫ్యూజు అతని గదుల తీగలను కాపాడుతుంది. ఇంటిలో రెండు చోట్ల ఫ్యూజులు ఎందుకని విద్యార్థులు అడిగితే, రెండు బాధ్యతలకు రెండు ఫ్యూజులని చెప్పవచ్చును.

మన దేశానికి వచ్చిన గీత

కలకత్తా నగరం కోసం 1895లో ప్రత్యేకంగా విద్యుద్దీప చట్టం చేసినారు. 1897లో ఒక కంపెనీకి లైసెన్సు లభించగా, 1899 ఏప్రిలులో ఇమాంబాగ్ సందులోని కేంద్రం నుండి సరఫరా మొదలైనది. దేశమంతటికీ 1903లో ఒక చట్టం వచ్చి, దాని స్థానంలో 1910లో ఇండియన్ ఎలక్ట్రిసిటీ చట్టం వెలువడినది. 2003 వరకు మన మీటర్లకు అదే ఆధారం.

ఆ చట్టంలోని 26వ సెక్షను చదవదగినది. మీటరును సంస్థ నుండి అద్దెకు తీసుకోవచ్చును, లేదా గృహస్థుడే కొనుక్కోవచ్చును. అద్దెకు ఇచ్చినదైతే దానిని సరిగా పనిచేసేటట్లు ఉంచవలసిన బాధ్యత సంస్థది. ఉంచకపోతే, ఆ లోపం ఉన్నంత కాలం అద్దె చెల్లించనక్కరలేదు. మీటరు గృహస్థుని సొంతమైతే దానిని సరిగా ఉంచవలసినవాడు అతడే. ఉంచకపోతే ఏడు రోజుల నోటీసు ఇచ్చి సంస్థ ఆ మీటరు ద్వారా సరఫరాను ఆపవచ్చును. మీటరు తప్పో ఒప్పో వివాదం వస్తే తేల్చేవాడు ఇరువురిలో ఎవరూ కాదు. ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు. తప్పని తేలితే ఆరు నెలలకు మించకుండా లెక్క సవరించాలి. నోటీసు లేకుండా మీటరును ఎవరూ కలపరాదు, విప్పరాదు. ఎడిసన్ కాలంలో త్రాసు ఒకరి చేతిలోనే ఉండేది. ఇక్కడ మధ్యవర్తి వచ్చినాడు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడిన 1956లోనే ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ కూడా వెలువడినవి. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడిన తరువాత మన ఊళ్ళలో వేసిన ఇంటి కనెక్షన్లు చాలాకాలం ఈ నియమాల క్రిందనే నడిచినవి. వాటి సారాంశం ఇది. వినియోగదారుని ఆవరణలో ఉన్నప్పటికీ, తనకు చెందిన తీగలు, పరికరాలు సురక్షితంగా ఉండేటట్లు చూడవలసినది సరఫరాదారు. ఆ పరికరాలను వీలైనంత జాగ్రత్తగా కాపాడవలసినవాడు, తన వైరింగును సురక్షిత స్థితిలో ఉంచుకోవలసినవాడు వినియోగదారు. సర్వీసు తీగకు కటౌటును, వినియోగదారుడు వాడుకొనడానికి ఎర్త్ టెర్మినలును సరఫరాదారు ఏర్పాటు చేయాలి. బల్బులు, ఫ్యూజుల వంటివి మార్చుకోవడం తప్ప వైరింగులో మార్పులు లైసెన్సు గల కంట్రాక్టరు చేత, అర్హత గల పర్యవేక్షకుని ఎదుట చేయించాలి.

సరఫరా ఎక్కడ మొదలవుతుంది అనే ప్రశ్నకు ఆ నియమాలు ఇచ్చిన సమాధానం గమనించదగినది: వినియోగదారుడు అమర్చుకున్న కటౌటులోకి తీగ ప్రవేశించే టెర్మినలు వద్ద. అనగా మనం మీటరు వద్ద ఉన్నదనుకునే గీత, నియమం ప్రకారం, మీటరు దాటి మెయిను వద్ద ఉన్నది. ఇంగ్లండులో మీటరు నుండి మెయినుకు పోయే జంట తీగలు ఇంటివానివిగా పరిగణింపబడతవి. గీత ఒక మూర అటో ఇటో జరగవచ్చును. గీత లేకుండా ఉండడమే ప్రమాదం.

ఒక మర చెప్పే సంగతి

ఇప్పుడు మొదట చెప్పిన కాలే జాయింటు వద్దకు వద్దాము. మీటరు టెర్మినలులో తీగను బిగించే మర వదులై, అక్కడ 0.1 ఓము నిరోధం ఏర్పడినదనుకొందాము. నీళ్ళు కాచే హీటరు వలన 15 ఆంపియర్లు ప్రవహిస్తున్నవి. పుట్టే వేడి ప్రవాహ వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది: 15 × 15 × 0.1 = 22.5 వాట్లు. ఇది ఒక చిన్న సోల్డరింగు ఇస్త్రీకి చాలిన వేడి. వేలిగోరంత చోట ఇంత వేడి పుడితే లోహం నల్లబడుతుంది, నల్లబడితే నిరోధం మరింత హెచ్చుతుంది, వేడీ హెచ్చుతుంది. ఫ్యూజు దీనిని ఆపలేదు. ఎందుకంటే ప్రవాహం 15 ఆంపియర్లకు మించలేదు.

ఈ మరను ఎవరు బిగించాలి? మీటరు టెర్మినళ్ళ మూతకు సీలు వేసి ఉంటుంది. సీలు దొంగతనాన్ని అరికట్టడానికే అని చాలామంది తలుస్తారు. కాని అది బాధ్యతను కూడా చాటుతుంది. తాకరాదని ఎవరిని శాసించినారో వారిని, ఆ చోటు ఎందుకు వదులైనదని నిలదీయరాదు. తాకే హక్కు ఎవరికి ఉన్నదో బాగుచేసే పూచీ కూడా వారిదే. సీలు వెనుక మర సంస్థది. సీలు ఇవతలి మర గృహస్థునిది. ఈ చరిత్ర అంతటి సారం ఇదే. అయితే గృహస్థునికి ఒక పని మిగిలి ఉన్నది. వాసన, రంగు మారడం, చిటపట శబ్దం కనిపెట్టి మెయినును ఆపి, వెంటనే సంస్థకు తెలుపవలసినవాడు అతడే. పరికరం వానిదైనా కన్ను మనది.

గీతకు అటు జరిగిన తప్పు ఇటు, ఇటు జరిగిన తప్పు అటు పోగలదని కూడా మరువరాదు. వీధిలో మూడు ఫేజులకు ఉమ్మడిగా ఉన్న న్యూట్రలు తీగ తెగినదనుకొందాము. రెండు ఫేజుల మీద ఉన్న రెండు ఇండ్లు 400 వోల్టుల నడుమ శ్రేణిలో కలిసినట్లవుతవి. ఒక ఇంటిలో 1000 వాట్ల హీటరు, రెండవ ఇంటిలో 100 వాట్ల బల్బు మాత్రమే ఉంటే, బల్బు మీద 230కి బదులు సుమారు 360 వోల్టులు పడుతుంది. బల్బు మాడిపోతుంది. తప్పు వీధిలో, నష్టం ఇంటిలో.

దీనికి విపరీతం మరింత ఘోరమైనది. సరఫరా ఆగినప్పుడు ఒకరు ఇంటి జనరేటరును చేంజోవర్ స్విచ్చి లేకుండా నేరుగా ఇంటి వైరింగుకు కలిపితే, విద్యుత్తు మీటరు గుండా వెనుకకు పోయి వీధి తీగలను చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దానిని 11,000 వోల్టులకు హెచ్చించగలదు. తీగ చచ్చినదని నమ్మి స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం ఆ ఇంటివాని చేతిలో ఉంటుంది. ఇంటి కప్పు మీది సౌర ఫలకాలకు అమర్చే ఇన్వర్టరు, వీధిలో సరఫరా ఆగగానే తానూ ఆగిపోవాలనే నియమం ఇందుకోసమే.

నేటి స్థితి

ఇంగ్లండులో 1990 తరువాత విద్యుత్ పరిశ్రమను విడదీసినందువలన ఒక్క బోర్డు మీద ముగ్గురు బాధ్యులు ఏర్పడినారు. కటౌటు పంపిణీ సంస్థది, మీటరు విద్యుత్తు అమ్మే సంస్థ పూచీ, ఆ తరువాతి తీగలు ఇంటివానివి. మన దేశంలో ఇంటివానికి ఎదురుగా ఉన్నది పంపిణీ సంస్థ ఒక్కటే. 2003 విద్యుత్ చట్టం సరైన మీటరు లేకుండా సరఫరా చేయరాదన్నది. వినియోగదారుడు కోరితే మీటరును తానే కొనుక్కోవచ్చునన్నది. మీటరులో జోక్యం చేసుకున్నవారికి మూడేండ్ల వరకు ఖైదు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. 2006లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన మీటరు నిబంధనలు, మీటరు ఇంటి ఆవరణలో ఉంటే దాని రక్షణకు జాగ్రత్తపడే భారాన్ని వినియోగదారుని మీద, ఆవరణ వెలుపల ఉంటే సంస్థ మీద ఉంచినవి. 1956 నాటి భద్రతా నియమాల స్థానంలో 2010లోనూ, మళ్ళీ 2023లోనూ కొత్తవి వచ్చినవి. పళ్ళెం తిరిగే మీటరు పోయి ఎలక్ట్రానిక్ మీటరు వచ్చినది. సాధనం మారినది గాని గీత చెరిగిపోలేదు.

ఉపాధ్యాయులు విద్యార్థుల చేత ఒక చిన్న పని చేయించవచ్చును. ఇంటిలోని మీటరు బోర్డును ముట్టుకొనకుండా, దూరం నుండి చూసి, స్తంభం నుండి మొదటి స్విచ్చి వరకు బొమ్మ గీయమనండి. సంస్థకు చెందిన భాగాన్ని ఒక రంగుతో, ఇంటికి చెందిన భాగాన్ని మరొక రంగుతో నింపమనండి. సీలు ఎక్కడ ఉన్నది, మెయిను ఎక్కడ ఉన్నది, ఎర్త్ తీగ ఎక్కడికి పోతున్నది గుర్తించమనండి. ఎర్త్ తీగను చూపలేని బొమ్మలు కొన్ని రావచ్చును. ఆ ఇండ్లలో పెద్దవారు లైసెన్సు గల పనివానిని పిలిపించవలసిన అవసరం ఉన్నది. ఆ ఒక్క బొమ్మ ఒక ఇంటిలో ఒక ప్రాణాన్ని కాపాడినా పాఠం సార్థకమైనట్లే.